ఒక రాశి తెలియనప్పుడు మధ్యగతం ఏమేం కావచ్చు? తొమ్మిదో తరగతి లెక్క, కొంచెం సాయం చేయండి

తొమ్మిదోక్లాసు_నాన్న:
అందరికీ నమస్కారం. మా పాపకి స్లిప్ టెస్టులో రెండు మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది. "19, 7, ఎక్స్, 15, 12 అనే ఐదు రాశులలో ఎక్స్ ఒక పూర్ణసంఖ్య. మధ్యగతం ఏయే విలువలు కావచ్చు?" రాశుల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా, అంటే ఆరోహణ క్రమంలో పెడితే నడిమధ్యలో వచ్చేదే మధ్యగతం కదా. పాప "మధ్యగతం = ఎక్స్" అని రాసి వచ్చింది. సున్నా పడింది. పక్కన ఎర్ర పెన్నుతో "ఆరోహణ క్రమం ఏది?" అని ఉంది. నిన్న రాత్రి అన్నం తింటూ కూడా అదే అడుగుతోంది, ఎక్స్ ఎంతో తెలియకుండా దాన్ని వరసలో ఎక్కడ పెట్టాలి నాన్నా అని. ఆలోచిస్తే తను అడిగినదాంట్లో న్యాయం ఉందనిపించింది. వాళ్ల పాఠంలో ఉన్న లెక్కల్లో ముందే "ఆరోహణ క్రమంలో ఉన్నవి" అని చెప్పి, మధ్యగతం కూడా ఇచ్చేసి, ఎక్స్ కనుక్కోమంటారు. అది సమీకరణం రాసేస్తే అయిపోతుంది. ఇక్కడేమో క్రమమూ ఇవ్వలేదు, మధ్యగతమూ ఇవ్వలేదు. జవాబు చెప్పడమే కాదు, పాపకి ఎలా చెప్తే బుర్రకెక్కుతుందో కూడా చెప్పండి.

డీఎస్సీ_ప్రిపరేషన్:
సార్, తెలిసిన నాలుగూ క్రమంలో రాస్తే 7, 12, 15, 19. ఎక్స్ చిన్నదైతే ముందుకొస్తుంది, అప్పుడు మధ్యది 12. పెద్దదైతే చివరికి పోతుంది, అప్పుడు మధ్యది 15. కాబట్టి జవాబు 12 లేదా 15. రెండే.

బోర్డుమీద_సుద్ద:
తమ్ముడూ, దారి సరైనదే కానీ మధ్యలో ఒక అడుగు వదిలేశావు. ఎక్స్ 13 అనుకో. 7, 12, 13, 15, 19. మధ్యది 13 కదా. 14 అయితే 14. అంటే పూర్ణసంఖ్య అన్నారు కాబట్టి 12, 13, 14, 15, మొత్తం నాలుగు విలువలు. ఎక్స్ మాత్రం ఎన్నైనా కావచ్చు, మైనస్ వెయ్యి కావచ్చు, లక్ష కావచ్చు, మధ్యగతం ఈ నాలుగింటిలోంచి బయటికి రాదు.

నాన్నగారూ, పాపకి ఎలా చెప్పాలో అడిగారు కదా. నేను ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను, ఈ లెక్కని ఎప్పుడూ బోర్డు మీద మొదలుపెట్టను. పిల్లల్ని బయటికి తీసుకెళ్లి నలుగురిని ప్రార్థనకి నిలబెట్టినట్టు ఎత్తు ప్రకారం నిలబెడతాను, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. ఐదోవాడు ఇంకా గేటు బయటే ఉన్నాడు, వాడి ఎత్తు మనకి తెలియదు. ఇప్పుడు అడుగుతాను: వాడు వచ్చి లైన్లో చేరాక నడిమధ్యలో ఎవరుంటారు? పిల్లలు ఒక నిమిషం ఆలోచిస్తారు. వచ్చేవాడు అందరికంటే పొట్టివాడైతే ముందు నిలబడతాడు, నలుగురూ ఒక్కో అడుగు వెనక్కి జరుగుతారు, అప్పటిదాకా రెండో స్థానంలో ఉన్నవాడు మూడోవాడై మధ్యకొస్తాడు. వచ్చేవాడు అందరికంటే పొడుగైతే చివరికి పోతాడు, ఎవరూ జరగక్కర్లేదు, మూడోవాడే మధ్య. రెండోవాడికీ మూడోవాడికీ నడుమ ఎత్తున్నవాడైతే వాడే మధ్య. ఇంకో దారి లేదు. మొదట ఉన్న అతి పొట్టి పిల్లాడు ఎన్ని చేసినా మధ్యకి రాలేడు, చివర ఉన్న పొడుగు పిల్లాడూ రాలేడు. ఈ మాట వాళ్ల నోటితో వాళ్లు చెప్పేదాకా ఆగితే చాలు, మిగతాది వాళ్లే రాసుకుంటారు.

మీ పాప చేసిన పొరపాటు చాలామంది చేసేదే. ప్రశ్నలో ఎక్స్ మూడో చోట రాసి ఉంది, అందుకని కన్ను అక్కడే ఆగిపోయింది. ప్రశ్న తయారుచేసినవాళ్లు కావాలనే అక్కడ పెట్టి ఉంటారు.

డల్లాస్_అమ్మ:
సుద్ద సార్, గేటు బయట పిల్లాడి మాట చాలా బాగుంది, ఈ రోజే మా వాడికి చెప్తాను. మాకిక్కడ ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) ప్రాక్టీసులో ఇలాంటివి ఎదురవుతుంటాయి. మా వాడి సందేహం ఇంకొకటి. ఎక్స్ సరిగ్గా 12 అయితే అది "చిన్నది" కేసులోకా, "మధ్యది" కేసులోకా? రెండింటిలోనూ "సమానం" గుర్తు పెట్టొచ్చా అని వాదన.

బోర్డుమీద_సుద్ద:
పెట్టొచ్చమ్మా. ఎక్స్ 12 అయితే లైను 7, 12, 12, 15, 19. మొదటి కేసు ప్రకారం మధ్యగతం 12, రెండో కేసు ప్రకారం మధ్యగతం ఎక్స్, అదీ 12. రెండు దారులూ ఒకే ఇంటికి చేరుతున్నాయి కాబట్టి తేడా రాదు. ఎక్స్ అడ్డంగా, మధ్యగతం నిలువుగా పెట్టి గ్రాఫు గీయించండి. 12 ఎత్తులో ఒక చదును గీత వస్తుంది, 12 నుంచి 15 దాకా వాలుగా ఎక్కుతుంది, తర్వాత 15 ఎత్తులో మళ్లీ చదును. గీత ఎక్కడా తెగదు. తెగకపోవడమే మన కేసులు సరిగ్గా అతికాయనడానికి గుర్తు.

సాంఖ్యకం:
దీనికి ఒక పొట్టి దారి ఉంది. రాశులు మొత్తం బేసి సంఖ్యలో ఉండి ఒకటి తెలియనప్పుడు, తెలిసినవి సరి సంఖ్యలో ఉంటాయి. వాటిని క్రమంలో పెట్టి నడిమి రెండూ తీసుకోండి, ఇక్కడ 12, 15. ఇప్పుడు 12, 15, ఎక్స్ ఈ మూడింటిలో మధ్యది ఏదో అదే మొత్తం దత్తాంశం మధ్యగతం. మిగతా రాశులు పాతికున్నా, పాతిక వేలున్నా వాటితో పనిలేదు.

ఎక్స్ పూర్ణసంఖ్య అన్న మాట ప్రశ్నలో లేకపోతే మాత్రం "నాలుగు విలువలు" అని రాయకూడదు. అప్పుడు 12 నుంచి 15 వరకు ఏ వాస్తవ సంఖ్యైనా మధ్యగతం కావచ్చు, 13.7 కూడా. ప్రశ్నలో ఆ ఒక్క పదం చదవకుండా మార్కులు పోగొట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. పరీక్షలో ముందు ఆ పదం కింద గీత గీసుకోండి.

డీఎస్సీ_ప్రిపరేషన్:
థాంక్స్ సార్, ఇప్పుడు అర్థమైంది. మరి మొత్తం సరి సంఖ్య అయితే? ఒక మోడల్ పేపర్లో 4, 9, 10, 16, 21, ఎక్స్ అని ఇచ్చారు. నాకు 9.5, 10, 13 అని మూడు వచ్చాయి. కీలో మాత్రం "8 విలువలు" అని ఉంది. కీ తప్పేమో అనుకున్నాను.

సాంఖ్యకం:
కీ కరెక్టే. ఆరు రాశులు కాబట్టి మూడోదానికీ నాలుగోదానికీ సగటు తీసుకోవాలి. ఇక్కడ 10 ఎప్పుడూ ఆ ఇద్దరిలో ఒకడిగా ఉండి తీరతాడు, ఎందుకంటే తెలిసిన ఐదింటిలో వాడే మధ్య. మారేది జతగాడు మాత్రమే. ఎక్స్ 9 లేదా అంతకంటే తక్కువైతే జత 9, మధ్యగతం 9.5. ఎక్స్ 16 లేదా ఎక్కువైతే జత 16, మధ్యగతం 13. నడుమ ఉంటే ఎక్స్ తనే జత, మధ్యగతం (10+ఎక్స్)÷2. ఎక్స్ పూర్ణసంఖ్య అనుకుంటే 9 నుంచి 16 దాకా ఒక్కో విలువకి ఒక్కో మధ్యగతం: 9.5, 10, 10.5, 11, 11.5, 12, 12.5, 13. లెక్కపెడితే ఎనిమిది. నువ్వు ఎక్స్‌ని 10 దగ్గర ఆపేసినట్టున్నావు. 10 దాటినా 16 దాకా ఎక్సే జతగాడు.

పాల_కేంద్రం:
నేను లెక్కల మనిషిని కాదు, ఊళ్లో పాలకేంద్రం చూసుకుంటాను. ఈ చర్చ చదువుతుంటే మా పుస్తకంలో ఒక పేజీ గుర్తొచ్చింది, అడగొచ్చు అనుకుంటే అడుగుతున్నా. ఒక రైతు గేదె పాలు వారం రోజుల వెన్న శాతం రాసుకుంటాం. గురువారం పొద్దున కరెంటు లేక మెషీన్ ఆడలేదు, ఇన్వర్టర్ కూడా అప్పటికే దిగిపోయింది. ఆ గడిలో అడ్డగీత ఉంది. మిగతా ఆరు రోజులూ 6.2, 6.8, 6.4, 7.1, 6.5, 6.6. ఆ రైతు వచ్చి "నా గేదె వెన్న మామూలుగా ఎంత ఉంటుంది, ఒక్క మాటలో చెప్పు" అంటాడు. ఇన్నాళ్లూ ఆరింటి సగటు చెప్పేవాడిని. ఈ మధ్యగతం పద్ధతిలో గురువారం సంగతి తెలియకుండానే చెప్పొచ్చా?

బోర్డుమీద_సుద్ద:
అన్నా, ఎంత మంచి లెక్క తెచ్చారు! రేపు క్లాసులో ఇదే చెప్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

క్రమంలో పెడితే 6.2, 6.4, 6.5, 6.6, 6.8, 7.1. నడిమి రెండూ 6.5, 6.6. గురువారం వెన్న 5 ఉన్నా 8 ఉన్నా, ఏడు రోజుల మధ్యగతం 6.5కి తగ్గదు, 6.6ని దాటదు. రైతుకి ధైర్యంగా "ఆరున్నర, ఆ పైన ఒక పాయింటు" అని చెప్పేయండి. అదే సగటు చూడండి. ఆరు రోజులు కలిపితే 39.6. గురువారం 5 అయితే మొత్తం 44.6, ఏడుతో భాగిస్తే 6.37. గురువారం 8 అయితే 47.6, సగటు 6.8. ఒక్క రోజు తెలియనందుకు సగటు ఇంత ఊగుతుంటే మధ్యగతం ఒక్క పాయింటు లోపలే కూర్చుంది.

డబ్బులు కట్టేటప్పుడు మాత్రం దీన్ని వాడకండి. ఏ రోజు పాలకి ఆ రోజు శాతమే లెక్క. ఇది "మామూలుగా ఎంత" అన్న ప్రశ్నకి మాత్రమే.

పాల_కేంద్రం:
సంతోషంగా చెప్పండి సార్, పిల్లలకి పనికొస్తే అంతకంటే ఏం కావాలి. డబ్బుల సంగతి మీరన్నట్టే, అది వేరే లెక్క. ఇంకొక మాట. మా అబ్బాయి ఇదంతా కంప్యూటర్లో ఎక్సెల్‌లో పెట్టాడు, అందులో మధ్యగతం 6.55 వచ్చింది. తర్వాత గురువారం గడిలో సున్నా వేస్తే 6.5 అయింది. ఏది నమ్మాలి?

సాంఖ్యకం:
సున్నా తీసేయమనండి. ఎక్సెల్‌లో మీడియన్ (మధ్యగతం) ఫార్ములా ఖాళీ గడిని వదిలేస్తుంది, ఉన్న ఆరింటికే చూసి నడిమి రెండింటి సగటు 6.55 ఇస్తుంది. సున్నా వేస్తే మాత్రం దాన్ని నిజమైన రాశిగా తీసుకుంటుంది. అంటే ఆ రోజు పాలలో వెన్నే లేదని మీరు చెప్పినట్టు. మధ్యగతం కాబట్టి దెబ్బ 6.5 దగ్గర ఆగింది, సగటు అయితే 5.66కి పడిపోయేది. తెలియనిది వేరు, సున్నా వేరు. ఆఫీసుల్లో కూడా ఖాళీ కనిపిస్తే సున్నా నింపే అలవాటు చాలామందికి ఉంది, దాంతో ఎన్ని రిపోర్టులు పాడవుతాయో చెప్పలేను.

డల్లాస్_అమ్మ:
మా వాడు ఇప్పుడు మంచి ఊపులో ఉన్నాడు. తనే ఒక లెక్క కట్టాడు, ఇక్కడ పెట్టమంటున్నాడు. 3, 5, 9, 11, ఎక్స్. సగటూ మధ్యగతమూ సమానం కావాలంటే ఎక్స్ ఎంత? వాడు 7 అన్నాడు. సరిపోయింది కూడా. ఇంకేమైనా ఉంటాయా?

డీఎస్సీ_ప్రిపరేషన్:
మేడం, ఇది నేను చేస్తాను. తెలిసినవి కలిపితే 28, సగటు (28+ఎక్స్)÷5. మధ్యగతానికి మూడు కేసులు.
ఎక్స్ 5 లేదా తక్కువైతే మధ్యగతం 5. అప్పుడు 28+ఎక్స్ = 25, ఎక్స్ = -3. ఇది 5 కంటే తక్కువే, కాబట్టి చెల్లుతుంది.
నడుమ ఉంటే మధ్యగతం ఎక్సే. 28+ఎక్స్ = 5ఎక్స్, ఎక్స్ = 7. చెల్లుతుంది.
9 లేదా ఎక్కువైతే మధ్యగతం 9. 28+ఎక్స్ = 45, ఎక్స్ = 17. ఇదీ చెల్లుతుంది.
మూడు జవాబులు: -3, 7, 17. బాబుకి చెప్పండి మేడం, లెక్క చాలా బాగా కట్టాడు.

బోర్డుమీద_సుద్ద:
శభాష్ తమ్ముడూ. మొదటి పోస్టులో వదిలేసిన అడుగు ఇక్కడ వదల్లేదు. వచ్చిన ప్రతి విలువనీ మళ్లీ దాని కేసులో సరిపోతుందా అని చూశావు చూడు, అదే ఈ లెక్కకి ప్రాణం. అంకెలు మారిస్తే ఒక్కోసారి మూడింటిలో ఒకటో రెండో చెల్లకుండా పోతాయి.

నాన్నగారి పాప కోసం ఇంకో లెక్క పెడుతున్నాను, కొంచెం కష్టం. 5, 8, 14, ఎక్స్, ఎక్స్+4. తెలియనివాళ్లు ఇద్దరు, కానీ అన్నదమ్ముల్లా నాలుగు అంగుళాల తేడాతో కలిసి వస్తున్నారు. మధ్యగతం ఏమేం కావచ్చు? తొందరేం లేదు, కాగితం మీద గీసుకుంటూ చేయమనండి.

తొమ్మిదోక్లాసు_నాన్న:
అందరికీ చేతులెత్తి దండం. నిన్న సాయంత్రం మా వాకిట్లో మా పాప, పక్కింటి పిల్లలు ముగ్గురూ లైను కట్టారు, మా చిన్నాడు గేటు బయట నిలబడ్డాడు. మొదట ఇద్దరు పిల్లలు "వాడొస్తే వాడే మధ్య" అన్నారు. వాడు లోపలికొచ్చి అందరికంటే పొట్టి కాబట్టి ముందు నిలబడగానే మా పాప గట్టిగా "అయితే నువ్వు కాదురా, అక్క మధ్య" అంది. తర్వాత వాణ్ణి కుర్చీ మీద ఎక్కించి చివర నిలబెట్టారు. ఒక్క మెట్టు మాత్రమే జరిగింది నాన్నా, అంతకంటే జరగదు అని తనే చెప్పింది. ఆ తర్వాత పుస్తకం తీసి 12, 13, 14, 15 రాసింది, నేనేమీ చెప్పలేదు.

సుద్ద సార్ ఇచ్చిన అన్నదమ్ముల లెక్క గంటన్నర చేసింది. ఎర్ర రంగు కాగితం మీద 5, 8, 14 అని మూడు బద్దీలు, నీలం కాగితంతో రెండు బద్దీలు కత్తిరించి, నేల మీద జరుపుకుంటూ చేసింది. తన జవాబు ఇది, తప్పుంటే చెప్పండి. ఎక్స్ 1 దాకా అయితే మధ్యగతం 5. ఎక్స్ 1 నుంచి 4 అయితే ఎక్స్+4 మధ్యలో ఉంటుంది, మధ్యగతం 5 నుంచి 8కి ఎక్కుతుంది. ఎక్స్ 4 నుంచి 8 అయితే ఎక్స్ ఒక పక్క, ఎక్స్+4 ఇంకో పక్క పడి 8 కదలకుండా నిలుస్తుంది. ఎక్స్ 8 నుంచి 14 అయితే ఎక్సే మధ్యగతం. 14 దాటితే 14.

బోర్డుమీద_సుద్ద:
ఒక్క అక్షరం తప్పు లేదు. గ్రాఫు గీస్తే మెట్లలా వస్తుంది, చదును, ఎక్కుడు, 8 దగ్గర మళ్లీ చదును, ఎక్కుడు, చదును. ఆ నడిమి మెట్టు ఉందని ఇంటర్ పిల్లలు కూడా చాలామంది కనుక్కోలేరు. పాపకి నా తరఫున ఆశీస్సులు చెప్పండి. ఆ కాగితం బద్దీలు పారేయొద్దని కూడా చెప్పండి.

తొమ్మిదోక్లాసు_నాన్న:
చెప్తాను సార్. తన చివరి ప్రశ్న ఒకటుంది. గేటు బయట ఇద్దరో ముగ్గురో ఉండి, వాళ్లకి ఒకరితో ఒకరికి సంబంధం లేకపోతే? ఎంతమంది బయట ఉంటే ఇక అసలు చెప్పలేం?

సాంఖ్యకం:
చాలా మంచి ప్రశ్న, సాంఖ్యక శాస్త్రంలో పెద్దవాళ్లు పట్టించుకున్న ప్రశ్న. మొత్తం ఐదుగురిలో ఇద్దరు బయట ఉన్నారనుకోండి. లోపల ముగ్గురు. బయటివాళ్లిద్దరూ పొట్టివాళ్లైతే లోపలి మొదటివాడు మధ్యకొస్తాడు, ఇద్దరూ పొడుగైతే లోపలి మూడోవాడు. అంటే మధ్యగతం లోపలివాళ్ల అటు చివరికీ ఇటు చివరికీ నడుమే ఉంటుంది. హద్దు వెడల్పైంది కానీ ఉంది. ముగ్గురు బయట ఉంటే మాత్రం హద్దు పోయింది. ముగ్గురూ తాటిచెట్టంత ఉంటే మధ్యగతమూ తాటిచెట్టే. బయట ఉన్నవాళ్లు సగం కంటే తక్కువగా ఉన్నంత వరకు మధ్యగతానికి హద్దు ఉంటుంది, సగానికి చేరితే ఉండదు. సగటుకైతే ఒక్కడు బయట ఉన్నా హద్దు లేదు.

దీనికి ఒక పాత ఉదాహరణ నాకు చాలా ఇష్టం. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో పశువుల ప్రదర్శన జరిగింది. అక్కడ ఒక ఎద్దును చూపించి, కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. మనిషికి ఆరు పెన్నీల టికెట్టు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఆ టికెట్లన్నీ తీసుకుని లెక్కగట్టి 1907లో నేచర్ పత్రికలో రాశాడు. ఇంగ్లీషులో మీడియన్ అనే మాటని 1881లోనే వాడినవాడు ఆయన. టికెట్లు సుమారు 800. వాటిలో 13 చదవడానికి వీల్లేకో, లోపాలుండో పక్కన పెట్టాడు, 787 మిగిలాయి. ఆయన రాసిన ప్రకారం వాటి మధ్యగతం 1207 పౌండ్లు, అసలు బరువు 1198.

పాప ప్రశ్న ఇక్కడ వేసి చూడండి. ఆ 13 టికెట్ల మీద ఏం రాసి ఉందో మనకెప్పటికీ తెలియదు, గేటు బయటే ఉండిపోయాయి. మొత్తం 800 అనుకుంటే నడిమివి 400వది, 401వది. పదమూడూ చాలా తక్కువ అంకెలైతే, చదవగలిగినవాటిలో 387, 388 స్థానాల్లో ఉన్నవి మధ్యకొస్తాయి. పదమూడూ చాలా ఎక్కువైతే 400, 401 స్థానాల్లోవి. గాల్టన్ తీసుకున్నది 787లో నడిమిదైన 394వది. అటు ఏడు టికెట్లు, ఇటు ఏడు టికెట్లు, అంతే. 787లో నడిమి సగం టికెట్లన్నీ 1162 పౌండ్లకీ 1236 పౌండ్లకీ మధ్య ఉన్నాయని ఆయనే రాశాడు. అంటే 74 పౌండ్లలో దాదాపు 394 టికెట్లు ఇరుక్కుని ఉన్నాయి. ఆ లెక్కన ఏడు టికెట్లు జరిగితే మధ్యగతం మారేది సుమారు ఒకటి, రెండు పౌండ్లు.

పాపని 7 రాశులు తీసుకుని, మూడు తెలియనివి పెట్టి ఒకసారి చేసి చూడమనండి. తెలిసినవి 4, 9, 10, 16 అనుకుంటే మధ్యగతం 4కీ 16కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చని రావాలి. వచ్చాక నాలుగోది కూడా చెరిపేసి, 4, 9, 10 మాత్రమే ఉంచి ఏమవుతుందో బద్దీలతో జరిపి చూడమనండి.